గాలి మింగి చెప్పిన మాట

చింతామణి,
12 ఆగస్టు 2023

శశీ,

నీకు ఆశీర్వాదాలు రాద్దామని కూర్చున్నాను గానీ చెయ్యి సాగడం లేదు. అందుకే నేరుగా సంగతికి వస్తున్నాను.

మొన్న ఆదివారం నువ్వొచ్చినప్పుడు తలుపు గడియ పెట్టింది నేనే. మీ వదిన మీద నేరం మోపకు. సుజాతమ్మ తీస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపాను. నువ్వు అరుగు మీద అరగంట కూర్చుని పోవడం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదని అందరితో చెబుతున్నావట. ఎత్తి ఏం చేయను? సిమ్ము తీసి నా కొడుకు చంద్రుకు ఇచ్చేశాను. ఫోనులో తెలుగు అక్షరాలు కొట్టడం నాకు చేతకాదు, వాడి చేత కొట్టిస్తే వాడు చదువుతాడు. చాకవేలులో తాత మనిద్దరి చేతా ఇసుకలో దిద్దించిన ఈ అక్షరాలు మన పిల్లలెవరికీ రావు, వాళ్ళకు కన్నడమే. కాబట్టి కాగితం మీద నిన్ను ఎంతైనా తిట్టుకోవచ్చు.

ఇరవై ఎనిమిదేళ్ళు పురుషోత్తమ్ మండీలో టమాటా వేలం పాడాను. మైకు లేకుండా నా పాట గేటు అవతల టీ అంగడి దాకా వినిపించేది. ఈ ఏడు బాక్సు రెండు వేలు దాటింది. నా ఎరుకలో అంత ధర ఎప్పుడూ పలకలేదు. అది పలకాల్సిన రోజుల్లో నేను బెంగళూరు ఆసుపత్రిలో, స్వరపేటిక తీయించుకుని, మెడ మధ్య బొక్కలోంచి ఊపిరి పీలుస్తూ పడుకున్నాను.

గొంతులో క్యాన్సరు గడ్డకు కరెంటు పెట్టి చూద్దామని ఒక డాక్టరు అన్నాడు. కోసి తీసేస్తేనే ప్రాణానికి గట్టి అని ఇంకొకాయన అన్నాడు. నువ్వు రెండో ఆయన పక్షం పట్టావు. “ప్రాణముంటే కదన్నా గొంతు” అన్నావు. కాగితం మీద సంతకం నాది, మాట మాత్రం నీది. ఇప్పుడు ప్రాణం ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో కూడా నువ్వే చెప్పు.

అమ్మకు ఏం చెప్పావో రాయి. ఈ మెడ వేసుకుని నేను పరగోడు రాను.

సీనప్ప

*

పరగోడు,
21 ఆగస్టు 2023

అన్నకు శశికళ నమస్కారాలు.

తిట్టడానికైనా కలం పట్టావు, చాలు. ఉత్తరం అందేసరికి నేను అంగనవాడిలో గుడ్లు ఉడకబెడుతున్నాను. చదువుతూ పొయ్యి సంగతి మరిచిపోయాను. మూడు గుడ్లు పగిలిపోయాయి. ఆ లెక్క సూపర్‌వైజరుకు నువ్వే చెప్పుకోవాలి.

ఆ డాక్టరు మాట పట్టింది నేనే. మళ్ళీ అడిగినా అదే చెబుతాను. కోపముంటే ఉంచుకో. కోపం తెచ్చుకోవడానికైనా మనిషంటూ ఉండాలి.

అమ్మకు పూర్తిగా చెప్పలేదు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషికి మెడలో బొక్క అని ఎట్లా చెప్పను? గొంతు పుండైంది, కొన్నాళ్ళు మాట్లాడొద్దని డాక్టరు కట్టడి చేశాడన్నాను. “సీనుడు మాట్లాడకుండా ఎట్లుంటాడే? నిద్దర్లో గూడా వేలం పాడేటోడు” అని నవ్వింది.

ఒక పాత సంగతి. నందీశ్‌కు రెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పోయాడు. నేను అంగనవాడిలో ఆయాగా చేరాను. టీచరు కావాలంటే ఎస్సెల్సీ ఉండాలన్నారు. లెక్కల్లో మూడుసార్లు తప్పాను. మూడోసారి బాగేపల్లి బస్టాండులో నా మార్క్స్ కార్డు చూసి నువ్వే అన్నావు, “నీకు లెక్కలు రావు లేమ్మా, ఇడ్సిపెట్టు” అని. ఇడ్సిపెట్టలేదు. తప్పిన ప్రతి లెక్కా ఎక్కడ తప్పిందో చూసుకుంటూ ఏడాదంతా మళ్ళీ మళ్ళీ చేశాను. నాలుగోసారి ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి. మా పిల్లలెవరైనా “రాదు మిస్” అంటే, “రాదు అనగూడదు, ఇంకా రాలేదు అనల్ల” అని దిద్దుతాను. నీకూ అదే చెబుతున్నాను.

బట్లహళ్ళిలో పిళ్ళప్ప అనే రైతు ఉన్నాడు. నీకు చేసిన ఆపరేషనే అతనికీ ఆరేళ్ళ కింద అయిందట. మాట్లాడతాడట! చిక్కబళ్ళాపురంలో ట్రైనింగుకు వచ్చిన అతని కోడలు చెప్పింది. నీ తాలూకే, బస్సెక్కితే అరపూట పని. పో.

నీ చెల్లెలు,
శశికళ

*

చింతామణి,
3 అక్టోబరు 2023

శశీ,

పోయాను. నీ మాట మీద కాదు. ఇంట్లో సుజాతమ్మ నా మొహం చూసి కళ్ళు తుడుచుకోవడం చూడలేక పోయాను.

పిళ్ళప్పకు డెబ్బై దగ్గర ఉంటాయి. రెండు ఎనుములు, కొంచెం రాగి చేను. మెడకు పాత తువ్వాలు చుట్టుకున్నాడు. నన్ను చూడగానే అన్నాడు: “మండీ సీనప్ప కదప్పా నువ్వు? నా టమాటా ఒకసారి నువ్వే పాడినావు. శానా తక్కువకు కొట్టేసినావు.” గోనెసంచి నేల మీద ఈడ్చినట్టుంది ఆ గొంతు. కానీ ప్రతి మాటా అర్థమయింది.

ఎన్నాళ్ళు పట్టింది అని పలక మీద రాసి చూపించాను. పలక తిప్పి వెనక కూడా చూశాడు. “నాకు సదువు రాదప్పా. నోటితో అడుగు” అన్నాడు.

ఎంత పొగరు అనుకున్నాను. పొగరు కాదు, నిజంగానే రాదు. అతనికి ఎవరూ నేర్పలేదు. ఆసుపత్రిలో గాలి మింగి పైకి తెమ్మని ఒక్కసారి చూపించారట. మళ్ళీ బెంగళూరు పోవడం కుదరలేదు. ఎనుముల దగ్గర కూర్చుని రెండేళ్ళు గాలి మింగాడు, తేన్చాడు. ఆ తేన్పును నోట్లో పట్టి మాట చేశాడు. “మనుషులు నగుతారు. ఎనుములు నగవు” అన్నాడు.

ఇప్పుడు వారానికి రెండుసార్లు పోతున్నాను. ప, ట, క ముందు వస్తాయట. ఐదు వారాలకు నాకు ఒక్క ‘ట’ వచ్చింది. ఇన్నేళ్ళు టమాటా టమాటా అని అరిచిన నోటికి ఒక్క ‘ట’. నవ్వుకో.

సీనప్ప

*

పరగోడు,
14 నవంబరు 2023

అన్నకు శశికళ నమస్కారాలు.

నవ్వలేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మా పిల్లలందరి చేతా ‘ట’ దిద్దించాను.

కానీ నెలన్నర అయింది, ఆ తర్వాత ఒక్క ముక్క రాయలేదు నువ్వు. ‘ట’ దగ్గరే ఆగిపోయావా? నీ సంగతి నాకు తెలుసు. పెద్ద గొంతుతో పుట్టావు, ఏదీ కష్టపడి నేర్చుకునే పని పడలేదు నీకు. అందుకే చెబుతున్నాను, మధ్యలో వదలొద్దు.

అమ్మ తిండి తగ్గించింది. నేను చెప్పిన అబద్ధం ఇప్పుడు నమ్మడం లేదు. “ఇన్ని నెల్లు మాట్లాడగూడదనే డాక్టరు యాడన్నా ఉండాడా? వానికి నా మీద కోపం” అంటుంది. పోయిన ఉగాదికి మీ ఇంటికి వచ్చినప్పుడు నీ బీడీల కట్ట పొయ్యిలో వేసింది కదా, ఆ కోపం నీకు ఇంకా పోలేదని ఆమె అనుమానం. కాదమ్మా అంటే వినదు.

ఒకసారి రా అన్నా. మాట రాకపోయినా వచ్చి పక్కన కూర్చో. మెడకు తువ్వాలు చుట్టుకుంటే ఆమెకు కనపడదు, చూపు కూడా అంతంత మాత్రమే.

శశికళ

*

చింతామణి,
20 డిసెంబరు 2023

శశీ,

చూపు లేని మనిషి పక్కన మాట లేని మనిషి కూర్చుంటే ఆమెకు తెలిసేదేమిటి? బాగా ఆలోచించి రాస్తున్నావా?

నేను ఎక్కడ ఆగానో ఎక్కడ ఆగలేదో నీకు తెలియదు. అన్ని అక్షరాల్లోకీ ‘మ’ కష్టం. పెదవులు మూస్తే గాలి ముక్కు దారి వెతుకుతుంది, ఆ దారిన పోయేంత గాలి నాకు రాదు. ఇంతకన్నా రాయను.

కొత్త సంవత్సరం రానీ. అమ్మకు ఏమీ చెప్పకు. నన్ను తొందర పెట్టకు.

సీనప్ప

*

పరగోడు,
11 జనవరి 2024

అన్నకు శశికళ నమస్కారాలు.

కొత్త సంవత్సరం వచ్చి పది రోజులు దాటింది. నువ్వేదో చేస్తావని ఎదురుచూస్తున్నాను. నీ మాట కూడా మండీ మాటలాగే అయింది, ఎంతకు పలికి ఎంతకు కొట్టేస్తావో తెలియదు.

ఇక్కడ నాకో పీడ పట్టుకుంది. ఎవడో పనికిమాలినవాడు కొత్త నంబరు నుంచి ఫోను చేస్తున్నాడు. పోయిన గురువారం సాయంత్రం మొదటిసారి ఎత్తితే అవతల మాట లేదు, ఒకటే గురగురమని చప్పుడు. పెట్టేశాను. వెంటనే మళ్ళీ మోగింది. మళ్ళీ అదే, పందిలా గురక, మధ్యలో ఏదో నాకుతున్నట్టు చప్పుడు. మొగుడు లేని ఆడది కనపడితే ఈ కుక్కలకు ఎంత ధైర్యమో చూడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ పక్కనే మంచం మీద ఉందని కూడా చూడలేదు. “థూ, నీ నోట్లో పురుగులు పడ, నీ గొంతు తెగి సావ, నీకు అమ్మా అక్కాచెల్లెళ్ళూ లేరేంరా?” అని నోటికొచ్చినట్టు తిట్టాను. “ఎవురే?” అని అమ్మ అడిగితే, “ఎవుడో తాగుబోతుమా” అన్నాను. మూడోసారి మోగితే నందీశ్ లాక్కుని “యారో నీను? ఇడో ఫోను!” అని కన్నడంలో నాలుగు తగిలించి ఆ నంబరు బ్లాకు చేసేశాడు. మళ్ళీ రాలేదు. అట్లా ఉండాలి మనిషి, ఒక్క దెబ్బకు తేల్చేయాలి.

అమ్మ రాత్రిళ్ళు దగ్గుతోంది. నీ అభ్యాసం ఎంతవరకు వచ్చిందో ఇప్పుడైనా నిజం రాయి.

శశికళ

*

చింతామణి,
2 ఫిబ్రవరి 2024

శశీ,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరూ క్షేమం. బట్లహళ్ళి పోవడం మానేశాను. అమ్మకు దగ్గు మందు ఇప్పించు.

సీనప్ప

*

పరగోడు,
12 మార్చి 2024

అన్నకు,

అమ్మ పోయి పదహారు రోజులైంది. కర్మాంతరం రోజు నిన్ను ఒక్క మాట అడగాలని నీ ముందుకు మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ మొహం తిప్పుకున్నావు. అందుకే రాస్తున్నాను.

నువ్వు ఎందుకు మానేశావు? నాలుగు వాక్యాల ఉత్తరం రాసి చేతులు దులుపుకున్నావు. అమ్మ చివరి మూడు రోజులు ఎవరు గదిలోకి వచ్చినా “సీనుడా?” అని అడిగింది. చివరికి ఏమందో తెలుసా? “వానికి కోపం పోలేదు. పోనీలే, బాగుండనీ.” అంతే. నేను చంద్రుకు కబురు పెట్టాను, నువ్వు బయలుదేరేలోగా ఆమె వెళ్ళిపోయింది.

పోయాక కూడా నువ్వు కరగలేదు. శ్మశానం దారిలో పాడె దింపి, కొడుకు ఆమె చెవి దగ్గర మూడుసార్లు పిలవాలి కదా. “మామ వంగినాడుగానీ పిలవనే లేదుమా, నోరే తెరవలేదు” అని నందీశ్ వచ్చి చెప్పాడు. మాట రాకపోతే రాకపోయింది, పెదవి కదపడానికి ఏమి? నేను నాలుగుసార్లు పరీక్ష రాసినప్పుడు ఊరంతా నవ్వింది. నీకు ఎవరూ నవ్వకూడదు. అదీ నీ బాధ. అమ్మ కన్నా నీకు నీ పరువే ఎక్కువైంది.

శశికళ

*

చింతామణి,
19 మార్చి 2024

శశీ,

ఇది రాయకూడదనుకున్నాను. రాయకుండా చచ్చిపోవచ్చని కూడా అనుకున్నాను. నీ ఉత్తరం చూశాక ఆ మంచితనం నాకు అక్కర్లేదనిపించింది.

జనవరిలో నీకు వచ్చిన ఫోను నాది.

నాకు ఫోను లేదు, పిళ్ళప్ప ఫోను నుంచి చేశాను. ‘అమ్మా’ అన్న మాట డిసెంబరు నెలాఖరుకు వచ్చింది. పదిసార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లు. జనవరి మొదటి వారానికి పదికి ఎనిమిది. ఆ గురువారం పిళ్ళప్ప అన్నాడు: “ఇంగ సాలప్పా, మీయమ్మకు ఇనిపించు.” నంబరు నేనే నొక్కాను. నువ్వు ఎత్తగానే ‘శశీ, అమ్మకియ్యి’ అనాలని నెల రోజులు సాధన చేశాను. నీ హలో వినగానే మింగిన గాలంతా ఒక్కసారి బయటపడింది. నువ్వు గురగుర అని రాశావే, అదే నా మాట. నాకుతున్నట్టు చప్పుడు అన్నావే, అది నేను గాలి మింగడం.

రెండోసారి తమాయించుకున్నాను. అప్పటికి నువ్వు మొదలుపెట్టావు. గొంతు తెగి సావమన్నావు. అమ్మ లేదేంరా అని అడిగావు. పక్కనుంచి “ఎవురే” అన్న అమ్మ గొంతు నాకు వినిపించింది. అప్పుడు ‘అమ్మా’ అన్నాను. అది కూడా నువ్వు వినలేదు, నీ తిట్లే పెద్దగా ఉన్నాయి. తాగుబోతు అని నువ్వు చెప్పడం కూడా విన్నాను. మూడోసారి మీవాడు.

ఫోను పిళ్ళప్ప చేతిలో పెట్టేశాను. “ఇంగోసారి సెయ్యి, పొరబాటు పడినారు” అన్నాడు. చేయలేదు. అప్పుడే ఉత్తరం రాసుంటే సరిపోయేది. బస్సెక్కి వచ్చుంటే సరిపోయేది. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ నీ ఉత్తరం వచ్చింది. నన్ను పంది అని, కుక్క అని, నువ్వు గొప్పగా రాసుకున్న ఉత్తరం. అది చదివాక గాలి మింగడం మానేశాను.

ఉగాదికి బీడీల కట్ట కోసం నేను అమ్మను పట్టుకుని అరిచాను. “నువ్వు నా ఇంటికి రావద్దు” అన్నాను. అమ్మ నా పాత గొంతులో విన్న ఆఖరి మాట అది. దాని మీద ఇంకో మాట పెట్టాలని నాలుగు నెలలు గాలి మింగాను.

నందీశ్ చెప్పింది తప్పు. పాడె దింపినప్పుడు పిలిచాను. ఆరు వారాలు సాధన లేదు, మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి కూడా. మూడోసారి వచ్చింది. తప్పెట్ల మోతలో ఎవరికీ వినపడలేదు.

‘ఇంకా రాలేదు’ అని నీ పిల్లలకు నేర్పుతావు. వచ్చాక ఎవరూ వినకపోతే ఏం చేయాలో కూడా నేర్పు.

సీనప్ప

*

పరగోడు,
28 మార్చి 2024

అన్నా,

నందీశ్ చేత నా ఫోనులో ఆ నంబరు వెతికించాను. మూడు కాల్స్ ఉన్నాయి. రెండోది నలభై ఒక్క సెకన్లు. అంతసేపు నువ్వు పెట్టేయకుండా పట్టుకునే ఉన్నావు. అంతసేపు నేను తిడుతూనే ఉన్నాను.

పిల్లలకు తప్పు లెక్క దిద్దడం చూపిస్తాను. ఇది దిద్దేది కాదు. నేను చెప్పిన అబద్ధం వల్లే అమ్మ నీది కోపం అనుకుంది. నేను తిట్టడం వల్లే ఆ అనుమానంతో పోయింది. నేను వదలొద్దు వదలొద్దు అని పోరు పెట్టినప్పుడల్లా, నాకు తెలియకుండా నువ్వు వదలకుండానే ఉన్నావు. వదిలిపెట్టేలా చేసింది నేనే.

నన్ను క్షమించు అని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

శశి

*

చింతామణి,
9 సెప్టెంబరు 2024

శశీ,

ఆ తర్వాత నువ్వు రాసిన నాలుగు ఉత్తరాలూ అందాయి. రెండు విప్పాను, రెండు నిన్నటి దాకా విప్పలేదు.

ఏప్రిల్‌లో పిళ్ళప్ప మా ఇంటికి వచ్చాడు. ఇంత దూరం పిలవకుండానే వచ్చాడు. “నీ కోపం నీ సెల్లెలి మీద. గాలి ఏం జేసిందప్పా నిన్ను?” అన్నాడు. కోపంతోనే మళ్ళీ మొదలుపెట్టాను. ఊరికే అదే అదే చేయకుండా, ఏ మాట ఎక్కడ తెగుతోందో చూసుకుని అక్కడే పట్టాను. నీ పద్ధతే. ఇప్పుడు నేను మాట్లాడతాను. నిమిషానికి యాభై మాటలు వస్తాయని ఆసుపత్రిలో లెక్కపెట్టారు.

జూలైలో మండీకి పోయాను. పురుషోత్తమ్ మంచివాడు, మైకు మెడకు తగిలించి పాడమన్నాడు. మూడు రోజులు పాడాను. కొనేవాళ్ళు నవ్వారు, దానికి నేను సిద్ధపడే పోయాను. మూడో రోజు ఒక ముసలి రైతు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “సామీ, నువ్వు ఒక ధర పలికేలోగా కొనేవాళ్ళు కలిసికట్టు అయిపోతాండారు. నా సరుకు వేరేవాళ్ళతో పాడిపించు” అన్నాడు. కోపంగా అనలేదు, బతిమాలాడు. అతను చెప్పింది నిజం. వేలంలో వేగమే ధర. మైకు తీసి ఇచ్చేశాను. ఇప్పుడు అక్కడే చీటీలు రాస్తున్నాను. ఆ పాట పోయింది, ఎంత మింగినా అది రాదు. ఈ మాట నీకు నచ్చదని తెలిసే రాస్తున్నాను.

క్షమించావా అని నాలుగు ఉత్తరాల్లోనూ అడిగావు. నాకు తెలియదు. కొన్ని రోజులు నీ మీద జాలిగా ఉంటుంది. కొన్ని రోజులు ఆ నలభై ఒక్క సెకన్లే వినిపిస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. చాకవేలులో మునివెంకటమ్మ అని ఒకామె ఉంది, నలభై ఐదేళ్ళు. మే నెలలో ఆమెకు ఇదే ఆపరేషన్ అయింది. గదిలోంచి బయటికి రావడం లేదు. ఆసుపత్రి వాళ్ళు నన్నూ పిళ్ళప్పనూ పోయి చూడమన్నారు. రెండుసార్లు పోయాం. మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారి తీసి, నా మాట విని, చెవులు మూసుకుంది. మగవాళ్ళ ముందు మెడ మీది గుడ్డ తీయదు. తీయకపోతే ఊపిరి ఎట్లా పట్టాలో, గాలి ఎక్కడ తప్పిపోతోందో చూపించలేం. ఒక ఆడమనిషి దగ్గర కూర్చోవాలి. వాకిట్లో అరగంట కూర్చోబెట్టినా ఓర్చుకునేది, తిట్టినా మళ్ళీ వచ్చేది కావాలి. అట్లాంటి మనిషి నాకు తెలిసి ఒకతే ఉంది.

వచ్చే ఆదివారం పది గంటలకు చాకవేలు బస్టాండులో ఉంటాను. నువ్వు బాగేపల్లి నుంచి రా. నన్ను చూసి ఏడవొద్దు, గొంతెత్తి ఏడవడం నాకు ఇప్పుడు చేతకాదు. మునివెంకటమ్మతో మెత్తగా మాట్లాడి లాభం లేదు. పోయినేడు నన్నెట్లా పోరు పెట్టావో అట్లాగే మాట్లాడు.

నీ అన్న,
సీనప్ప